కార్యదర్శి అయిన మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. మీ ఊరి విజ్ఞాన సంఘానికి నిన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నారని మీ అమ్మ చెప్పింది. ఉపన్యాసాలకు ఎవరిని పిలవాలని అడిగావు. అది తర్వాత చూద్దాం. ముందు లండన్‌లోని పాత విజ్ఞాన సంఘం రాయల్ సొసైటీ తొలినాళ్ల సంగతులు చదువు. న్యూటన్‌ను కాసేపు పక్కన పెట్టి, చందాలు ఎలా వసూలయ్యాయో, ఉత్తరాలకు ఎవరు జవాబులు రాశారో చూడు.

1660 నవంబరు 28న గ్రెషమ్ కాలేజీలో పన్నెండు మంది కూర్చుని సంఘం పెట్టాలనుకున్న రోజే డబ్బు మాట తేల్చేశారు. చేరేటప్పుడు పది షిల్లింగులు, ఆపైన వారానికో షిల్లింగు, సమావేశానికి వచ్చినా రాకపోయినా. నియమం బాగానే ఉంది, వసూలే కాలేదు. పెద్ద పెద్ద బిరుదులవాళ్లు పేర్లు రాయించుకున్నారు, బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోయాయి. కాబట్టి మొహమాటపడకు. చేరిన రోజే ఏడాది చందా పుచ్చుకుని రసీదు చేతికివ్వు.

1662లో రాబర్ట్ హుక్‌ను ప్రయోగాల నిర్వాహకుడిగా పెట్టుకున్నారు. సమావేశమైన ప్రతిసారీ మూడు నాలుగు ప్రయోగాలు చూపాలట, సంఘం చేతిలో సొమ్ము చేరేదాకా ప్రతిఫలం ఆశించకూడదట! ఆయన ఒప్పుకున్నాడు. నువ్వు మాత్రం ఎవరితోనూ అలా చేయించకు. ఒక్క ప్రయోగమే పెట్టు, ముందురోజు చేసి చూసుకోమను, సామాను ఖర్చు అప్పటికప్పుడు ఇచ్చెయ్యి.

అన్నిటికంటే ముఖ్యం మినిట్స్ పుస్తకం, అంటే సమావేశంలో జరిగింది రాసిపెట్టేది. కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ మీద హుక్‌కు గుర్రుగా ఉండేది. 1675లో స్ప్రింగు గడియారం తనదని హాలండు శాస్త్రవేత్త హైగెన్స్ ప్రకటించాడు. తాను అంతకుముందే సొసైటీలో చూపించానని, ఓల్డెన్‌బర్గ్ దాన్ని మినిట్స్‌లో రాయలేదని హుక్ వాదన. 1677లో ఓల్డెన్‌బర్గ్ పోయాక, హుక్ ఆ పాత పుస్తకాలన్నీ ముందేసుకుని, తన పని ఎక్కడ రాశారో, ఎక్కడ రాయలేదో వెతుక్కుంటూ స్వదస్తూరితో నకళ్లు తీసుకున్నాడు. ఆ కాగితాలు ఎక్కడో మరుగునపడిపోయి 2006లో ఇంగ్లండులో ఒక ఇంట్లో బయటపడ్డాయి. తగవు ఎవరి పక్షమన్నది నాకు పట్టదు. నువ్వు మాత్రం ఎవరు చూపించారు, ఏం చూపించారు, ఏ తేదీన, ఎవరెవరు చూశారు అన్నది ఆ సాయంత్రమే రాసి, తరువాతి సమావేశంలో పైకి చదివి సంతకం చేయించు. ఇంటికెళ్లి తీరిగ్గా రాద్దామనుకుంటే సగం మరిచిపోతావు, మిగతా సగం నీ ఇష్టాయిష్టాలు రాస్తాయి.

అలాగని ఓల్డెన్‌బర్గ్‌ను తీసిపారేయకు. ఐరోపా నలుమూలల నుంచి వచ్చే ఉత్తరాలు చదివి, అనువదించి, జవాబులు రాసింది ఆయనే. ఆ విదేశీ ఉత్తరాల మీద అనుమానంతోనే 1667లో ఆయన్ను లండన్ టవర్‌లో బంధించారు. డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వ్యాపారి లీవెన్‌హుక్‌కు లాటిన్ రాదు, డచ్చిలోనే రాసేవాడు. 1676లో ఆయన నీటిలో కంటికి కనబడని జీవులున్నాయని రాస్తే సొసైటీలో నమ్మలేదు, అలాగని చెత్తబుట్టలోనూ వేయలేదు. సాక్షుల వాంగ్మూలాలు అడిగారు. చివరకు 1677 నవంబరులో హుక్ మిరియాలు నానబెట్టిన నీటిని సూక్ష్మదర్శిని కింద పెట్టి సభ్యులకు ఆ జీవులను చూపించాడు. నీకూ ఏ పల్లెటూరి మాస్టారో తప్పుల తడకగా ఉత్తరం రాస్తారు. భాషను చూసి పక్కన పెట్టకు, చేసి చూపించమను.

ఇక సంచిక అచ్చువేయాలన్న ఉబలాటం నీకెలాగూ ఉంటుంది. 1686లో వాళ్లు చేపల మీద బొమ్మలతో ఒక భారీ గ్రంథం వేశారు. అమ్ముడుపోలేదు, ఖజానా ఖాళీ అయింది. మరుసటి ఏడాది వచ్చిన న్యూటన్ గ్రంథం ప్రిన్సిపియాకు సొసైటీ గుమస్తా ఎడ్మండ్ హేలీ సొంత డబ్బు పెట్టాల్సి వచ్చింది. హేలీకి రావలసిన యాభై పౌన్ల జీతానికి బదులు చేపల పుస్తకం ప్రతులు యాభై ఇవ్వాలని తీర్మానించారు! అందుకని ముందుగా డబ్బు కట్టినవాళ్ల జాబితా చేతికొచ్చాకే అచ్చాఫీసుకు వెళ్లు. బడ్జెట్ ముసాయిదా కార్యవర్గం ముందు పెట్టేలోగా నాకొకసారి పంపు, చూసి పెడతాను.

ఇట్లు,
మీ మామయ్య