రోబోటిక్స్ క్లాసుల్లో చేర్పిస్తే పిల్లలకు సైన్స్ మీద ఆసక్తి పుడుతుందా? ముందు మల్టీమీటర్ కొనండి

విజయవాడలో ఎనిమిదో తరగతి చదివే బాబును రోబోటిక్స్ క్లాసులో చేర్పించాలా, దానివల్ల సైన్స్ వైపు వెళ్తాడా, ఏ కిట్ కొనాలి అని అడిగారు. చేర్పించండి. కాకపోతే ఆ క్లాసులో రోబో మొరాయించే అవకాశం ఉండాలి. అన్నీ ముందే అమర్చిన ప్లాస్టిక్ కిట్టు, ట్యాబ్‌లో రంగురంగుల బ్లాకులు జరపడం, నెలాఖరుకి తల్లిదండ్రుల ముందు రోబో డాన్సు. ఇలాంటి చోట పిల్లలకు దక్కేది ఫోటో. బండి ఆగిపోయి, ఎందుకు ఆగిందో మల్టీమీటర్‌తో (వోల్టులు, కరెంటు కొలిచే పరికరం) వాడే కొలిచి పట్టుకుంటే, ఆ రోజు నుంచి సైన్స్ వాడిని వదలదు.

కిట్టు మానేసి విడి భాగాలు కొనండి. గీత వెంట నడిచే బండికి ఆర్డుయినో ఊనో బోర్డు ఒకటి (బండికి మెదడులాంటి చిన్న కంప్యూటర్; క్లోన్, అంటే నకలు బోర్డు చాలు), ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్ (బోర్డు చెప్పినట్టు మోటార్లకు కరెంటు ఇచ్చేది), పసుపు రంగు బీవో మోటార్లు (గేర్లున్న చిన్న మోటార్లు) రెండు చక్రాలతో సహా, ఎటైనా తిరిగే ఒక క్యాస్టర్ చక్రం, టీసీఆర్‌టీ5000 ఐఆర్ సెన్సార్లు (ఇన్‌ఫ్రారెడ్ కాంతితో గీతను గుర్తించేవి) రెండు, 18650 సెల్స్ (రీచార్జ్ అయ్యే లిథియం సెల్స్) రెండు, వాటి హోల్డరు, చార్జరు కావాలి. అంతా కలిపి సుమారు రెండు వేలు. చాలా క్లోన్ బోర్డులకు కంప్యూటర్‌లో సీహెచ్340 డ్రైవర్ (కంప్యూటర్ బోర్డును గుర్తించేలా చేసే సాఫ్ట్‌వేర్) వేసుకోవాలి. పోర్టు కనిపించకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి, కొన్ని చార్జింగ్ కేబుళ్ళలో డేటా తీగలే ఉండవు. చాసిస్‌కి (అన్నీ బిగించే బండి అడుగు పలక) ఆటోనగర్‌లో ఏ రేకుల షాపులోనైనా అల్యూమినియం ముక్క కోయించి, రంధ్రాలు వేయించొచ్చు. బాబును వెంట తీసుకెళ్ళండి, లేత్ మిషన్ తిరుగుతుంటే కాసేపు నిలబడి చూడనివ్వండి. బోర్డును మాత్రం రేకు మీద నేరుగా పెట్టకండి, అడుగున సోల్డరింగ్ పాయింట్లు షార్ట్ అవుతాయి. ప్లాస్టిక్ స్పేసర్లు వేసి బిగించాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ బండికి చాలామంది చేసే పని, 9 వోల్టుల చిన్న చదరపు బ్యాటరీ తగిలించడం. చక్రాలు గాల్లో ఉన్నప్పుడు బ్రహ్మాండంగా తిరుగుతాయి. నేల మీద పెట్టగానే ఒక్క కుదుపు కుదిపి ఆగుతుంది, కాస్త ఊరుకుని మళ్ళీ కుదుపుతుంది. పిల్లలు ప్రోగ్రామ్ తప్పనుకుని దాన్ని తిరగరాస్తూ కూర్చుంటారు. అప్పుడు బోర్డు మీద ‘ఎల్’ అని రాసి ఉన్న బుల్లి లైటు చూడమనండి. ప్రతి కుదుపు తర్వాత అది టపటపా మెరుస్తుంటే బోర్డు రీసెట్ అవుతున్నట్టే. మోటార్లు ఒక్కసారిగా కరెంటు లాగగానే వోల్టేజి పడిపోతుంది, బోర్డు చచ్చి మళ్ళీ లేస్తుంది, లేచి మోటార్లు ఆన్ చేస్తుంది, మళ్ళీ పడిపోతుంది.

దీన్ని చెప్పేయకండి, కొలిపించండి. మీటర్ డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, దేనికీ తగిలించని బ్యాటరీని చూడాలి. తర్వాత బండికి తగిలించి, తిరిగే చక్రాలను చేత్తో ఒక్క సెకను పట్టుకుని మళ్ళీ చూడాలి. ఎక్కువ సేపు పట్టుకుంటే మోటారు కాలే ప్రమాదం ఉంది. తగిలించనప్పుడు 9 వోల్టులు, చక్రాలు పట్టుకున్నప్పుడు 4, అప్పుడు పారే కరెంటు 1 ఆంపియర్ అనుకుందాం. తగ్గిన 5 వోల్టులను 1తో భాగిస్తే 5 ఓములు, అదే ఆ బ్యాటరీ అంతర్నిరోధం, అంటే బ్యాటరీ లోపలే కరెంటుకు ఎదురయ్యే అడ్డు. ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్స్‌లో బట్టీ పట్టే సూత్రం ఎనిమిదో తరగతి పిల్లాడి చేతిలో లెక్కకొచ్చేసింది! కరెంటు కొలిచేటప్పుడు ఎర్ర తీగ 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి, మీటర్‌ను బ్యాటరీకీ సర్క్యూట్‌కీ మధ్యలో కలపాలి. నేరుగా బ్యాటరీ రెండు కొసలకీ ఆనిస్తే షార్టే.

అందుకే ఆ 9 వోల్టుల బ్యాటరీ బదులు 18650 సెల్స్ వాడండి. రెండు వరసగా కలిపితే 7.4 వోల్టులు, నిండా చార్జ్ చేస్తే 8.4. ఎల్298ఎన్ పాతరకం ట్రాన్సిస్టర్ల చిప్పు, తనే దాదాపు 2 వోల్టులు మింగుతుంది. మోటార్లకు మిగిలే ఐదున్నర వాటికి సరిపోతుంది. బోర్డు గ్రౌండ్ (నెగటివ్ తీగ), డ్రైవర్ గ్రౌండ్ కలపడం మరిచిపోతే మాత్రం ఏదీ సరిగ్గా పనిచేయదు. ఆ సెల్స్‌ని మన ఎండల్లో స్కూటర్ డిక్కీలో వదలొద్దు.

రెండో పాఠం ఎండే నేర్పుతుంది. ఇంట్లో నల్ల టేపు మీద చక్కగా నడిచిన బండి బడి ఆవరణలో పిచ్చిదారి పడుతుంది, ఎందుకంటే ఎండలో కూడా ఇన్‌ఫ్రారెడ్ ఉంది. సెన్సార్‌ను నేలకు 2.5 మిల్లీమీటర్ల దగ్గర పెడితే బాగా చూస్తుంది, 15 దాటితే దాదాపు గుడ్డిది. మాడ్యూల్ (సర్క్యూట్‌తో కలిపి అమ్మేది) కాకుండా విడి సెన్సార్ తీసుకుని, దాని ఎల్ఈడీని 220 ఓముల రెసిస్టర్‌తో ఒక పిన్నుకు కలపండి. ఎల్ఈడీ ఆపి ఒక రీడింగు, వెలిగించి ఒక రీడింగు తీసి, రెంటి తేడా వాడితే ఎండ ప్రభావం చాలావరకు పోతుంది. అయితే నడినెత్తి ఎండలో సెన్సార్ నిండిపోయి తేడా కూడా కనిపించదు, అప్పుడు నల్ల గొట్టం తొడగాల్సిందే.

చంద్రుడి మీద చంద్రయాన్-3 రోవర్ ప్రజ్ఞాన్ నడిచింది సెకనుకి సెంటీమీటరు చొప్పునే. 2023 ఆగస్టు 27న దాని దారిలో 4 మీటర్ల వెడల్పు గొయ్యి ఎదురైతే, 3 మీటర్ల ముందే గమనించి దాన్ని వెనక్కి మళ్ళించారు. రోబో అంటే వేగంగా పరిగెత్తేదే అనుకునే పిల్లలకు ఇది తప్పక చెప్పాలి.

మన దగ్గర ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ రోజంతా బిట్లు చేయిస్తారు, స్క్రూడ్రైవర్ పట్టే తీరికే ఇవ్వరు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్ పథకం కింద ఎంపికైన బడికి 20 లక్షల వరకు గ్రాంటు ఇస్తారు, ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం. మీ బాబు బడిలో అలాంటి ల్యాబ్ ఉంటే వారానికి ఎన్ని గంటలు తెరుస్తున్నారో, తాళం ఎవరి దగ్గర ఉందో హెడ్‌మాస్టరు గారిని అడగండి.

బయట ఇన్‌స్టిట్యూట్ అయితే ఫీజు కట్టేముందు ఒక సాయంత్రం వెళ్ళి గుమ్మంలో నిలబడి చూడండి. పిల్లల బల్లల మీద మీటర్లు, విప్పేసిన మోటార్లు, తప్పుగా కలిపిన తీగలు కనిపిస్తే చేర్పించండి. అన్నీ సాఫీగా నడిచే బళ్ళే కనిపిస్తే ఆ ఫీజుతో పైన చెప్పిన సామాను కొనండి, చేతికి అందే దూరంలో ఇంకో రెండు బీవో మోటార్లు పెట్టండి, మొదటి రెండూ కాలిపోతాయి.