సేంద్రియమా, కర్బనమా?

సందేహం: మాది కాజీపేట. పరిశోధక విద్యార్థిని. ఆర్గానిక్ సోలార్ సెల్స్‌లో కరెంటు తీరును కంప్యూటర్ మోడలింగ్‌తో పరిశీలిస్తున్నాను. తెలుగు వ్యాసంలో ‘సేంద్రియ సౌరఘటాలు’ అని రాస్తే, ‘పెంటతోని కరెంటు తీస్తున్నవా బిడ్డా?’ అని మా నాయిన నవ్వుతున్నడు. ‘సేంద్రియ’ తప్పా? మోడలింగ్‌ను, హోల్‌ను ఏమనాలి?

సమాధానం: మీ నాయిన నవ్వులో తప్పు లేదు. ‘సేంద్రియ’ను ఎరువుల దుకాణం బోర్డుకు కట్టేసింది మనమే. చిత్రం చూడండి, రామగుండంలో తయారయ్యే యూరియా రైతుకు రసాయన ఎరువు. కెమిస్ట్రీ పుస్తకానికి మాత్రం ఆర్గానిక్, అంటే కార్బన్ ఆధారిత పదార్థం. జీవుల్లోనే పుడుతుందనుకున్న ఆ యూరియాను 1828లో జర్మన్ రసాయనశాస్త్రవేత్త వోలర్ ప్రయోగశాలలో చేసి చూపాడు. ఆ తర్వాత పాత అర్థం సడలింది, పేరు మిగిలింది.

‘సేంద్రియ’ అంటే ఇంద్రియంతో కూడినది. ఆ ‘ఇంద్రియం’ దగ్గర కాసేపు ఆగకుండా ఉండలేను. ఈ ఒక్క మాట కోసం పాణిని ఒక సూత్రమే పెట్టాడు (5.2.93). ఇంద్రుడికి గుర్తు, ఇంద్రుడు చూసినది, సృష్టించినది, సేవించినది, ఇచ్చినది అని అయిదు దారులు చూపి, ‘ఇతి వా’ (ఇలాగైనా కావచ్చు) అని తప్పుకున్నాడు. ఆ ఇంద్రుడు ఆత్మే అంటుంది పాణిని సూత్రాలకు వ్యాఖ్యానమైన కాశికావృత్తి. కన్ను పనిముట్టు, వాడేవాడు లేని పనిముట్టు ఉండదు, కాబట్టి కన్ను ఆత్మకు గుర్తు. గ్రీకులో ఆర్గనాన్ అన్నా పనిముట్టే! ఆర్గానిక్‌కు ‘సేంద్రియ’ అన్నవారెవరో గాని, రెండు భాషల వేళ్లూ తడిమి చూసినట్టే ఉంది.

మోడలింగ్‌ను కొందరు ‘రూపకల్పన’ అంటున్నారు. నిఘంటువు తెరవడానికి బద్ధకం, ఇంకేం లేదు. రూపకల్పన లేనిదానికి చేస్తారు. మీరు ఉన్న సెల్‌కు బదులు ఒక కరెంటు మూలం, కరెంటును ఒకవైపే పోనిచ్చే ఒక డయోడు, రెండు నిరోధాలు ఉన్న సర్క్యూట్‌ను పెట్టి, కొలిచిన కరెంటు–వోల్టేజి గీత లెక్కలోనూ వస్తుందా అని చూస్తున్నారు. గీత ‘ఎస్’ ఆకారంలో వంగితే ఆ ఒక్క డయోడు చాలదు. ఎలక్ట్రోడు దగ్గర విద్యుదావేశానికి ఏదైనా అడ్డు పడుతోందేమోనని సర్క్యూట్ మార్చి చూడాలి. దీన్ని ‘నమూనా కట్టడం’ అనండి. ఫారసీ మాటే అయినా మన జిల్లాల్లో బాగా నలిగింది. హోల్‌కు, అంటే ఎలక్ట్రాన్ ఉండాల్సిన చోట మిగిలిన ఖాళీకి, పాఠ్యపుస్తకాల ‘రంధ్రం’ చాలు.

రసాయనశాస్త్రంలో ‘కర్బన’ స్థిరపడింది గనక శీర్షికలో ‘కర్బన సౌరఘటాలు’ అంటే ఇంట్లో నవ్వరు. అయితే కర్బనమనేది కార్బన్‌కు కట్టిన పంచె, అంతకు మించిన పుట్టుక దానికి లేదు. ‘సేంద్రియ’ తప్పని మాత్రం నేననను. వ్యాసం లోపల వాడుకోండి. మొదటిసారి వాడినచోట కార్బన్ ఆధారిత పదార్థమని ఒక ముక్క చేర్చండి.