మట్టి గొయ్యి గురించి మేనల్లుడికి

అల్లుడూ,

ఇటుక బట్టీ లీజు ముగిసిందనీ, మీ రెండెకరాల చేను నిలువు గొయ్యిగా మిగిలిందనీ మీ అమ్మ చెప్పింది. చేపల చెరువు వాళ్లు అప్పుడే వచ్చి రేటు మాట్లాడుతున్నారట. నువ్వేమో దాన్ని ఇంకో ఆరడుగులు తవ్వించి నీళ్లు పెట్టి, గట్ల మీద గేదెల్ని మేపుకుంటానన్నావట. ఆలోచన మంచిదే కానీ ఆ ఆరడుగుల దగ్గరే ఆగు. ఫోన్లో చెబితే ‘సరే మామయ్యా’ అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

మా రాజోలు వైపు భూమిలో తీపినీరు పైన పల్చగా ఉంటుంది, కింద ఉప్పునీరు. అది తెలిసి కూడా ఎంత లోతైతే అంత నీరు అనుకుని పన్నెండడుగులు తవ్వించాను. రెండో వేసవికల్లా గేదెలు మూతి పెట్టి వెనక్కి తీసుకోవడం మొదలెట్టాయి. ఆ ఏడే ఓ చూడిగేదె గట్టు మీంచి జారి పడింది. పైకి రావడానికి వాలు లేదు. రాత్రంతా ఆరుగురం మోకులేసి లాగాం. గేదె బతికింది, దూడ దక్కలేదు.

మీ ఊరు సముద్రానికి మాకంటే కాస్త ఎగువనే ఉంది. అయినా కాలువలకి నీళ్లు ఆపేశాక, మే నెలలో, గొయ్యి అడుగున చేతిబోరు దింపి రెండు మూడు లోతుల్లో నీళ్లు సీసాలకి పట్టి పరీక్షకివ్వు. ఈ.సీ. అంటే నీళ్లలో ఉప్పెంతుందో చెప్పే అంకె, అది 5 (dS/m) లోపుంటే పశువులు తాగడానికి ఇబ్బంది లేదు. కింది సీసాలో అంకె ఒక్కసారిగా పెరిగిందంటే, ఆ లోతుకి రెండడుగుల పైనే ఆగిపో.

ఇప్పుడు లెక్క చూడు. నిండు వేసవిలో గేదె రోజుకి 60, 70 లీటర్లు తాగుతుంది. నీ పది గేదెలు రెండు నెలల్లో తాగేది మహా అయితే 42 వేల లీటర్లే. అదే ఎకరం నీటి మీద ఎండకి రోజుకి అర సెంటీమీటరు పైనే పోతుంది. రెండు నెలలకి అడుగు. ఎకరం మీద అడుగు నీరంటే 12 లక్షల లీటర్లు! రెండెకరాలూ నీళ్లు చేసుకుంటే నువ్వు ఎండకి పాలేరుతనం చేసినట్టే. నీళ్లు యాభై సెంట్లకి చాలు. మిగతా ఎకరన్నర మళ్లీ మట్టికే ఇచ్చెయ్యి.

ఆ యాభై సెంట్లూ గొయ్యిలో ఎక్కువ పల్లంగా ఉన్న మూల పెట్టు. అక్కడి నుంచి గట్టు దాకా అడుగు లోతుకి మూడడుగుల వాలు వచ్చేలా ప్రొక్లెయిన్‌తో కొట్టించు. పశువులు దిగడానికి ఒకవైపే రేవు. బట్టీ దగ్గర పడున్న ఇటుక ముక్కలన్నీ ఏరించి ఆ రేవులో దట్టంగా పరిపించు, గిట్టలు జారవు. ఆ ముక్కలు తీసేస్తే తప్ప బట్టీ కాలిన చోట గడ్డి కూడా మొలవదు. బంకమట్టి అంతా బట్టీకి పోయి అడుగున ఇసుక పొర తేలి ఉంటే నీళ్లు నిలవవు. అక్కడ అడుగు మందాన బంకమట్టి పోసి, నీళ్లు పెట్టి, వరిచేలో చేసినట్టే దమ్ము చేయించు. రెండు మూడు సార్లు తిప్పితే నీళ్లు నిలబడతాయి.

పైమట్టి సంగతే నా బాధ. 1986 వరదలో మా లంకలో జానెడు మట్టి మేట వేసింది. నీ చేనుకి అలాంటిది రాదు, గట్లూ కాలువలూ కట్టుకున్నాక గోదారి మన చేలలోకి మట్టి తేవడం మానేసింది. పోయింది పోయినట్టే. కాలువ పూడిక తీసేటప్పుడు ఆ మట్టి అడుగు, పశువుల ఎరువు కలిపి వాలు మీద పరిపించు. తొలకరికి పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి, పూత రాకముందే కలియదున్ను. జీలుగ కాస్త ఉప్పునీ తట్టుకుంటుంది. తర్వాత నీటి అంచున పారా గడ్డి కాడలు నాటు, పైన గరిక దానంతటదే పాకుతుంది. సార్వా (వానాకాలం వరి) అయ్యాక పిల్లిపెసర జల్లుకుంటే గేదెలకి పచ్చిమేత. కానీ మొదటి వానాకాలం ఒక్క పశువునీ దింపకు. ఎంత ముచ్చటగా కనపడినా సరే. మొదటి ఏడు తొక్కించిన గడ్డి మూడో ఏటికి సర్కారు తుమ్మవుతుంది.

నీళ్లు పంట బోదె నుంచి తూము పెట్టి తీసుకో. నీటి సంఘం వాళ్లతో మాట్లాడి, ఏప్రిల్లో కాలువలకి నీళ్లు ఆపేసే ముందే నింపుకో. డ్రెయిన్ నీళ్లు మాత్రం రానివ్వకు, రొయ్యల చెరువులవాళ్లు వదిలేదంతా అందులోనే. గుర్రపుడెక్క ఒక్క మొక్క కనపడినా అదేరోజు లాగి పారెయ్యి. నత్తలుంటే పశువులకి కార్జపు జలగ వ్యాధి కూడా రావచ్చు, పశువుల డాక్టరుని అడిగి ఏటా మందు తాగించు.

చేపలవాళ్ల డబ్బు తీసుకోవాలనిపిస్తే తీసుకో, నేను కోప్పడను. కానీ చేపలకి మేత పోసిన నీళ్లు గేదెలు ఇష్టంగా తాగవు, లీజు అయ్యేనాటికి గట్లు ఇంకా నిలువుగా ఉంటాయి.

దాళ్వా (రెండో పంట వరి) కోతలవగానే వస్తాను. అప్పటిదాకా ప్రొక్లెయిన్ వాడికి అడ్వాన్స్ ఇవ్వకు.

మీ మామయ్య