నలభై మంది వరకా, ఏకంగా నలభై మందా?

సందేహం: ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధి తెలుగువాళ్ల కరపత్రాలు, చిన్న చిన్న వార్తలు నేనే రాస్తుంటాను. సమాచారం ఇంగ్లీషులోనో ఒడియాలోనో వస్తుంది. ఈమధ్య రక్తదాన శిబిరం వార్తలో ‘యాజ్ మెనీ యాజ్ 40’ అని ఉంటే ‘40 మంది వరకు రక్తం ఇచ్చారు’ అని రాశాను. ‘అంటే నలభై నిండలేదనేగా?’ అన్నాడు మా బావమరిది. అతను దిద్దిన వాక్యం: ‘40 మంది అంత ఎక్కువగా రక్తం ఇచ్చారు’. ఇది నాకు మింగుడుపడలేదు. ఏది సరైంది? ఇంకో మాట. ఒడియా బడిలో చదివే మా మనవరాలు ‘అన్నయ్య నా నుంచి పెద్ద’ అంటోంది. ఇదెక్కడి తెలుగండీ?

సమాధానం: మీ బావమరిదిగారి అనుమానం న్యాయమైనదే, దిద్దుబాటే కుదరలేదు. ఇంగ్లీషు మాటను విడగొట్టి ‘అంత’, ‘ఎక్కువ’ అని పేర్చితే వచ్చే వాక్యం ఏ తెలుగువాడి నోటా వినపడదు.

‘యాజ్ మెనీ యాజ్ 40’ అన్నప్పుడు లెక్క కచ్చితంగా నలభై. మిగతా మాటలన్నీ ‘అబ్బో, అంతమందే!’ అన్న ఆశ్చర్యం కోసం. ‘అప్ టు 40’ అలా కాదు, అది నలభై దగ్గర గీత గీస్తుంది. మన ‘వరకు’తో చిక్కేమిటంటే, అది క్రియను బట్టి రంగు మారుస్తుంది. ‘ఈ బస్సులో యాభై మంది వరకు ఎక్కవచ్చు’ అంటే పరిమితి, యాభై ఒకటోవాడికి చోటు లేదు. ‘వానకు ముప్పై ఇళ్ల వరకు కూలాయి’ అంటే అంచనా. ఇరవై ఎనిమిదైనా కావచ్చు, ముప్పై రెండైనా కావచ్చు. ఈ రెండింటిలో ఎక్కడా ఆశ్చర్యం లేదు. కాబట్టి మీ వాక్యం ‘ఏకంగా 40 మంది రక్తం ఇచ్చారు’ అని ఉండాలి. అయితే ఆ అంకె నిజంగా పెద్దదనిపిస్తేనే సుమా! ‘ఏకంగా ముగ్గురు వచ్చారు’ అంటే జనం నవ్వుతారు. తక్కువని చెప్పడానికి మనకు ఇంకా మంచి పలుకుబడి ఉంది: ‘పట్టుమని పదిమంది కూడా రాలేదు’.

కాలం దగ్గరికొస్తే తెలుగు ఇంకా పొదుపు. ‘పర్లాకిమిడికి రైలు 1900లోనే వచ్చింది’. ఇంగ్లీషువాడి ‘యాజ్ ఎర్లీ యాజ్’ మొత్తం ఆ చివరి ‘ఏ’లో ఇమిడిపోయింది. ‘2004 దాకా కూడా ఆ దారిలో చిన్న బండే నడిచింది’ అంటే ‘యాజ్ లేట్ యాజ్’ అయిపోయింది. గిడుగు రామమూర్తిగారు 1880లోనే మీ ఊళ్లో పంతులుగా చేరి, 1936లో ఒడిశా ఏర్పడేదాకా అక్కడే ఉన్నారు. ఈ వాక్యంలో ‘ఏ’ తీసేసి చదవండి, తేదీ మిగులుతుంది, విశేషం పోతుంది. వాడుక భాష కోసం అంత పోరాడిన మనిషి ఊరి నుంచి ఈ ప్రశ్న రావడం నాకు ముచ్చటేసింది.

ధరల్లో కూడా ఇదే పద్ధతి, ‘వంద రూపాయలకే’ అంటే సరిపోతుంది.

ఆఫీసు కాగితాలు తర్జుమా చేసేటప్పుడు మాత్రం జాగ్రత్త. ‘నో లెస్ దేన్ 75’ అంటే మళ్లీ ‘ఏకంగా 75’. ‘నాట్ లెస్ దేన్ 75’ అంటే ‘75కు తగ్గకూడదు’. ఒకటి అబ్బురం, ఇంకొకటి నిబంధన. రెట్ల దగ్గరా ఇలాంటి తికమకే. వంద రూపాయల సరుకు మూడు వందలైతే ‘ధర మూడు రెట్లయింది’ అనండి. ‘మూడు రెట్లు పెరిగింది’ అంటే లెక్క ప్రకారం నాలుగు వందలు కావాలి. పత్రికలవాళ్లు రెండూ కలిపేస్తున్నారు, నాకు చిరాకే.

ఇక మీ మనవరాలి సంగతి. ‘అన్నయ్య నాకంటే పెద్ద’ అనాలి, నేర్పండి. కానీ ఆ పిల్ల గాలిలోంచి పుట్టించిన మాట కాదది. ఒడియాలో ‘ఠారు’ అనే ఒకే ప్రత్యయం ‘నుంచి’కీ ‘కంటే’కీ పనిచేస్తుంది. బళ్లో వింటున్నది ఇంట్లో తెలుగు చేసుకుంది, అంతే. ఆమాటకొస్తే మన వ్యాకరణంలోనూ ‘వలనన్ (నుంచి అనే అర్థమూ దీనిదే), కంటెన్, పట్టి’ అని మూడింటినీ పంచమీ విభక్తిలోనే చెప్పారు.