ఇంజన్ వేడెక్కకపోవడం, అద్దాలకు ఆవిరి పట్టడం: వాల్వ్ ఎందుకు తీశారో ముందు తెలుసుకోండి

మీరు తెల్లవారుజామున డీజిల్ కారులో అమలాపురం నుంచి రాజమహేంద్రవరం వెళ్తున్నారనీ, దారి పొడవునా వేడి చూపే ముల్లు పావు వంతు కూడా లేవడం లేదనీ, ముందు అద్దానికి లోపలి వైపు ఆవిరి పట్టి దారి కనిపించడం లేదనీ, హీటర్ వేస్తే గోరువెచ్చని గాలి మాత్రమే వస్తోందనీ రాశారు. ఇంజన్ చల్లగా ఉండటం మంచిదేనని మీ మెకానిక్ చెప్పారట. థర్మోస్టాట్ మార్పించాలా, లేక హీటర్ పాడైందా అని అడిగారు. సరిగ్గా ఇవే లక్షణాలతో నేను రెండు చలికాలాలు ఇబ్బంది పడ్డాను కాబట్టి నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

నాది పాలకొల్లు. ఉద్యోగరీత్యా వారానికి నాలుగు రోజులు మార్టేరు, పెనుగొండ, సిద్ధాంతం మీదుగా రాజమహేంద్రవరం వెళ్ళి వస్తుంటాను. నా కారు 2014 మోడల్ డీజిల్ బండి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. కొన్న ఏడాది ధనుర్మాసంలో, సిద్ధాంతం వంతెన మీద పొగమంచులో వెళ్తుండగా ముందు అద్దం లోపలి నుంచి తెల్లబడిపోయింది. ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, రెండో చేత్తో తుండుగుడ్డతో అద్దం తుడుచుకుంటూ వంతెన దాటాను. నా ముందు వెళ్తున్న లారీ వెనక దీపాలు ఎర్రటి మసకలా తప్ప కనిపించలేదు. అది ప్రాణాల మీదకు వచ్చే సంగతి కాబట్టి మీరు దీన్ని వాయిదా వేయవద్దని మొదటే మనవి చేస్తున్నాను.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. మన డెల్టాలో ఎంత చలి ఉన్నా, థర్మోస్టాట్ సరిగ్గా ఉన్న ఇంజన్‌ను చల్లగా ఉంచేంత చలి మనకు లేదు. థర్మోస్టాట్ అనేది, అంటే మన షెడ్లలో వాల్వ్ అని పిలిచేది, ఇంజన్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఉండే చిన్న తలుపు. దాని లోపల ఇత్తడి గుళికలో మైనం ఉంటుంది. ఇంజన్ వేడిని మోసుకెళ్ళే ద్రవమైన కూలెంట్ ఆ వాల్వ్ మీద ముద్రించిన వేడికి, అంటే సాధారణంగా 82 లేదా 88 డిగ్రీల దగ్గరకు చేరినప్పుడు ఆ మైనం కరిగి ఉబ్బి, స్ప్రింగును నెట్టి తలుపు తెరుస్తుంది. అప్పటిదాకా కూలెంట్ రేడియేటర్‌కు వెళ్ళకుండా ఇంజన్‌లోనే తిరుగుతుంది. హీటర్ కూడా ఈ కూలెంట్ వేడితోనే గాలిని వెచ్చబరుస్తుంది. తలుపు మూసుకుని ఉన్నంతసేపూ ముందు నుంచి ఎంత చల్లగాలి కొట్టినా, ఫ్యాన్ ఆగకుండా తిరుగుతున్నా, ఇంజన్ వేడెక్కి తీరుతుంది. కాబట్టి 20 కిలోమీటర్లు నడిచాక కూడా ముల్లు కిందే ఉన్నదంటే తలుపు తెరుచుకుని బిగుసుకుపోయిందనో, అసలు తలుపే లేదనో, లేదా ముల్లు అబద్ధం చెబుతోందనో అర్థం.

ముల్లు నిజం చెబుతోందా లేదా అన్నది తేల్చడం సులువు. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు పెట్టుకుంటే ఇంజన్ కంప్యూటర్‌లోని అంకెలు చూపే చిన్న ఓబీడీ స్కానర్ ఒకటి కొని ఫోనుకు కలపండి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో తెల్లవారుజామున, స్టార్ట్ చేయకముందే, తాళం తిప్పి కూలెంట్ వేడినీ, ఇంజన్‌లోకి వెళ్ళే గాలి వేడినీ చూడండి. రెండూ దాదాపు ఒకే అంకె చూపాలి. కూలెంట్ మాత్రం మైనస్ 40 చూపితే దాని వేడి కొలిచే సెన్సర్ వైరు తెగిందనుకోవచ్చు. పది, పదిహేను డిగ్రీల తేడా ఉంటే సెన్సర్‌నే అనుమానించాలి. నా బండిలో రెండూ ఒక డిగ్రీ తేడాతో సరిపోయాయి కాబట్టి సెన్సర్ మంచిదేనని తేలింది. దూరం నుంచి వేడి కొలిచే పిస్టల్ థర్మామీటర్ మీ దగ్గర ఉంటే వాల్వ్ బిగించి ఉండే లోహపు గూడు దగ్గర కూడా కొలవవచ్చు. అయితే మెరిసే అల్యూమినియం మీద ఆ సాధనం తక్కువ చూపుతుంది. అక్కడ చిన్న నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద కొలవండి.

తర్వాత బండి నడుపుతూ ఉండగా పక్కన కూర్చున్నవారి చేత అంకెలు రాయించండి. మా తమ్ముడు రాసిన కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. బయలుదేరినప్పుడు 20, మార్టేరు దాటాక 58, హైవే ఎక్కి 80 వేగంతో వెళ్తుంటే 62 నుంచి 64 మధ్య. ఈతకోట టోల్‌గేటు దగ్గర వరుసలో ఆగినప్పుడు మెల్లగా 71కి పెరిగి, మళ్ళీ కదలగానే 63కి పడిపోయింది. ఈ చివరి అంకెల్లోనే రోగం దొరికింది. ఆగితే పెరిగి, గాలి తగలగానే పడిపోతున్నదంటే కూలెంట్ ఎప్పుడూ రేడియేటర్ గుండానే వెళ్తున్నట్టు. వాల్వ్ బాగున్న ఇంజన్ హైవే మీద వేగంగా వెళ్తున్నా 85కు అటూ ఇటూ నిలకడగా ఉంటుంది.

స్కానర్ లేకపోయినా చేత్తో తెలుసుకోవచ్చు. చల్లటి బండిని స్టార్ట్ చేసి, ఇంజన్ పై భాగం నుంచి రేడియేటర్‌కు వెళ్ళే లావుపాటి రబ్బరు గొట్టం మీద చేయి వేసి ఉంచండి. బెల్టుకూ ఫ్యాన్‌కూ దూరంగా ఉండండి, వదులు చొక్కా చేతులు మడుచుకోండి. వాల్వ్ మంచిదైతే ఆ గొట్టం చాలాసేపు చల్లగానే ఉండి, ఒక్కసారిగా వేడెక్కుతుంది. మొదటి నిమిషాల నుంచే మెల్లమెల్లగా వెచ్చబడుతూ వస్తే తలుపు తెరిచే ఉన్నట్టు. కొన్ని బండ్లలో వాల్వ్ కింది గొట్టం వైపు ఉంటుంది, అలాంటివాటిలో ఈ పరీక్ష కింది గొట్టం మీద చేయాలి.

నా బండికి వాల్వ్ విప్పించిన రోజు చూసింది చెబుతాను. రెండు బోల్టులు తీసి మూత ఎత్తగానే లోపల వాల్వ్ అంచు మాత్రమే ఉంది. మధ్యలో ఉండాల్సిన గుళిక, స్ప్రింగు, తలుపు ఏవీ లేవు. సీలు కూర్చోవడానికి ఆ రేకు వలయాన్ని ఉంచి, మిగతాదంతా కత్తిరించి పారేశారు. వలయం లోపలి అంచు మీద కత్తెర నోటి గుర్తులు పళ్ళలాగా కనిపిస్తున్నాయి. వేళ్ళకు తుప్పు రంగు బురద అంటుకుంది. నేను కొనకముందే ఎవరో ఒక మెకానిక్ ఈ పని చేశారు. మన ప్రాంతంలో వేసవిలో బండి వేడెక్కితే వాల్వ్ తీసేయడం చాలామందికి అలవాటు. అప్పటికి బండి చల్లబడుతుంది కాబట్టి ఇటు యజమానికీ అటు మెకానిక్‌కూ పని అయిపోయినట్టే అనిపిస్తుంది.

మీకు నేను ముఖ్యంగా చెప్పదలచింది ఇదే. వాల్వ్ లేదని తేలితే వెంటనే కొత్తది బిగించి ఊరుకోకండి. దాన్ని ఎందుకు తీశారో తెలుసుకోండి. నేను కొత్త వాల్వ్ వేయించాను. తొమ్మిది కిలోమీటర్లలో 88 చేరి, రాజమహేంద్రవరం దాకా అక్కడే నిలిచింది. లీటరుకు 17 ఇచ్చే బండి ఆ నెలలోనే 20 దాకా ఇచ్చింది. నా సంతోషం ఏప్రిల్ దాకానే మిగిలింది. ఒక మధ్యాహ్నం రావులపాలెం సెంటర్‌లో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు వేడి 104కు పోయింది. అప్పుడు రేడియేటర్ విప్పిస్తే, లోపలి సన్నటి గొట్టాల్లో మూడో వంతు సున్నపు పొరతో మూసుకుపోయి ఉన్నాయి. పాత యజమాని సముద్రానికి దగ్గరి ఊరివారు. ఏళ్ళ తరబడి ఉప్పు బోరు నీళ్ళే రేడియేటర్‌లో పోశారని ఆయనే ఫోనులో చెప్పారు. అంటే ఉప్పునీళ్ళతో రేడియేటర్ మూసుకుపోయింది, అందువల్ల బండి వేడెక్కింది, వేడిని దాచడానికి వాల్వ్ కోశారు, దాంతో చలికాలంలో హీటర్ పనిచేయలేదు. నాకు కనిపించిన రోగం నాలుగో మెట్టు మీద ఉంది, దాని మూలం మొదటి మెట్టు మీద ఉంది. కాబట్టి వాల్వ్‌తో పాటే రేడియేటర్ కూడా పరీక్షింపజేసి, కంపెనీ చెప్పిన కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి నింపించండి. బోరు నీళ్ళు గానీ కాలవ నీళ్ళు గానీ వద్దు. పాత కూలెంట్‌ను నేల మీద పారబోయనివ్వకండి. అది తియ్యగా ఉండే విషం, కుక్కలు నాకుతాయి.

చల్లగా ఉంటే మంచిదేగా అన్న మాటకు కూడా జవాబు చెప్పాలి. ఇంజన్ ఇంకా చలిలోనే ఉందనుకుని కంప్యూటర్ అవసరానికి మించి ఇంధనం పంపుతుంది. కాలని డీజిల్ కొంత పిస్టన్ రింగుల పక్క నుంచి జారి ఆయిల్‌లో కలుస్తుంది. వేడి చాలక ఆయిల్‌లోని తేమ ఆవిరి కాదు. మీ బండి ఆయిల్ మూత తీసి అడుగు వైపు చూడండి. నా మూతకు పెరుగు మీగడలాంటి తెల్లని జిడ్డు పట్టి ఉండేది. వాల్వ్ మార్చి, ఆయిల్ మార్చాక అది మళ్ళీ కనిపించలేదు. మీ బండి 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 డీజిల్ అయితే మరీ జాగ్రత్త అవసరం. పొగ గొట్టంలోని ఫిల్టర్‌లో చేరిన మసిని బండి తనంతట తాను కాల్చుకోవాలంటే ఇంజన్ తగిన వేడికి రావాలి, లేకపోతే ఆ ఫిల్టర్ నిండిపోతుంది. వాల్వ్ తీసేస్తే వేసవిలో ఎప్పటికీ వేడెక్కదన్న నమ్మకమూ సరికాదు. కొన్ని ఇంజన్లలో వాల్వ్ తెరుచుకున్నప్పుడు దాని వెనక పళ్ళెం పక్కదారిని మూస్తుంది. వాల్వ్ లేకపోతే ఆ పక్కదారి తెరిచే ఉండి, కొంత కూలెంట్ చల్లబడకుండానే ఇంజన్‌లోకి తిరిగి వస్తుంది.

ఇక అద్దాల సంగతి. వాల్వ్ మార్చాక నా అద్దాల ఆవిరి సగమే తగ్గింది. మిగతా సగానికి కారణం వేరే ఉంది. మీకూ అలాగే ఉండవచ్చు కాబట్టి దీన్ని విడిగా పరీక్షించాలి.

మొదట వేలితో గీసి చూడండి. గీత బయటి వైపు పడితే అది ఏసీ చల్లదనం అద్దానికి తగిలి బయటి తేమ పట్టడం. మనకు వానాకాలంలో తరచూ జరుగుతుంది. వైపర్ వేసి, గాలిని అద్దం మీద నుంచి మళ్ళిస్తే పోతుంది. లోపలి వైపు పడితే వేలిని ముక్కు దగ్గర పెట్టుకోండి. జిగటగా, తియ్యటి వాసన వస్తూ, కూలెంట్ డబ్బాలో మట్టం కూడా తగ్గుతూ ఉంటే డ్యాష్‌బోర్డు వెనక ఉన్న హీటర్ కోర్, అంటే వేడి కూలెంట్ పారే చిన్న రేడియేటర్ లాంటి భాగం, కారుతున్నట్టు. అది పెద్ద పని, డ్యాష్‌బోర్డు విప్పాల్సి వస్తుంది. వాసన లేని శుభ్రమైన నీరైతే అది లోపల చేరిన తేమే.

నా బండిలో అది శుభ్రమైన నీరే. ఎడమ ముందు సీటు దగ్గర మ్యాటు తీసి, పాత దినపత్రిక పరిచి అరచేత్తో గట్టిగా నొక్కాను. నాలుగు మడతల కాగితం తడిసిపోయింది. ఏసీ లోపల పట్టిన నీరు బయటకు పోవడానికి బండి కింద ఒక చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది. ఎండాకాలంలో ఆగి ఉన్న బండి కింద చుక్కలు పడేది దాని నుంచే. ఆ గొట్టం మొనలో కందిరీగ మట్టిగూడు కట్టింది. సన్నటి ప్లాస్టిక్ తీగతో మెల్లగా పొడిస్తే మట్టి ఊడి, వెనకాలే దాదాపు లీటరు నీళ్ళు వచ్చాయి. వేసవి నుంచి ఆ నీరంతా వెనక్కి పొర్లి కార్పెట్ కింద దూదిలోకి చేరింది. తెల్లవారుజామున అదే ఆవిరై అద్దానికి పట్టేది. కార్పెట్ ఎత్తి రెండు రోజులు ఎండలో తలుపులు తెరిచి ఆరబెట్టాను.

ఇంకొకటి మన అలవాటు. లారీల పొగకూ రొయ్యల చెరువుల వాసనకూ వెరచి, బయటి గాలి లోపలికి రాకుండా ఆ మీట ఎప్పుడూ మూసే ఉంచుతాం. నలుగురు కూర్చుని ఊపిరి పీలుస్తుంటే ఆ తేమకు బయటకు పోయే దారి లేక అద్దానికే పడుతుంది. పొగమంచులో బయటి గాలి ఇంకా తడిగా ఉంటుంది కదా, దాన్ని ఎందుకు రానివ్వాలి అని నేనూ అనుకునేవాణ్ణి. కానీ 19 డిగ్రీల తడి గాలిని హీటర్ 40 డిగ్రీలకు వేడి చేస్తే దాని తేమ శాతం మూడో వంతు కన్నా తగ్గిపోతుంది, అప్పుడది అద్దం మీది నీటిని తాగేస్తుంది. అందుకే ఇంజన్ వేడికీ అద్దానికీ సంబంధం. మీ వాల్వ్ పని పూర్తయ్యేదాకా ఏసీని ఆన్‌లో ఉంచి, బయటి గాలి మీట తెరిచి, గాలిని అద్దం మీదకు పెట్టుకోండి. హీటర్ సరిగ్గా లేకపోయినా ఏసీ గాలిలోని నీటిని తీసేస్తుంది కాబట్టి దారి కనిపిస్తుంది. ఒకవేళ అద్దం బయటి వైపు కూడా మసకబారితే వైపర్ ఒకసారి వేస్తే చాలు.

షెడ్డుకు వెళ్ళేటప్పుడు కొత్త వాల్వ్ మీద ముద్రించిన డిగ్రీలు మీ బండి పుస్తకంలో ఉన్నవేనా అని చూసుకోండి. దాన్ని బిగించకముందు మీ కళ్ళ ముందే గిన్నెలో నీళ్ళు కాచి, దారంతో వేలాడదీసి, ఎన్ని డిగ్రీల దగ్గర తెరుచుకుంటుందో చూపించమనండి. దాని అంచున చిన్న పుల్ల కదులుతుండే గాలి రంధ్రం ఉంటే అది పైవైపుకు ఉండాలి. కూలెంట్ నింపాక గాలి పూర్తిగా తీయించాలి, గాలి మిగిలితే హీటర్ మళ్ళీ చల్లగానే ఊదుతుంది. అంతకన్నా ముందు మీరు చేయాల్సినది ఒక్కటే. రేపు ఉదయం స్టార్ట్ చేయకముందు ఉన్న వేడి, జొన్నాడ వంతెన మీద నడుస్తున్నప్పటి వేడి, వేమగిరి దగ్గర ఆగినప్పటి వేడి, ఈ మూడు అంకెలనూ ఎడమ మ్యాటు కింద కాగితం తడిసిందో లేదో కూడా కలిపి ఇక్కడ రాయండి. అవి చూశాక ఏ భాగం కొనాలో, ఏది కొననక్కర లేదో చెప్పగలుగుతాను.