అమ్మ డబ్బుతో అమ్మకు గది కట్టొద్దు

ప్రశ్న: మాది పలాస. నాలుగు సెంట్ల స్థలంలో పాత ఇల్లు ఉంది, అమ్మ పేరున. అమ్మకు 68 ఏళ్లు, మేడ మెట్లు ఎక్కలేకపోతోంది. పెరట్లో ఆమెకో గది, బాత్రూం, చిన్న వంటిల్లు కట్టిద్దామంటే మేస్త్రి 12 లక్షలు అన్నాడు. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో ఉన్న తన 12 లక్షలు తీసేయమంటోంది అమ్మ. నా జీతం 60 వేలు, ఎఫ్‌డీ 4 లక్షలు. చెల్లి విశాఖలో ఉంటుంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మగారు ఎంత చెప్పినా ఆ డబ్బు ముట్టుకోకండి. ఖాతా 8.2 శాతం వడ్డీ మీద ఉంటే మూడు నెలలకోసారి 24,600 రూపాయలు ఆమె చేతికొస్తాయి. మందులకైనా, మనవలకు పండక్కి ఇవ్వడానికైనా ఎవర్నీ అడగక్కర్లేదు. గది ఇచ్చి ఆ స్వతంత్రం లాగేసుకుంటే ఆమెకు మిగిలేదేమిటి? పైగా గడువుకు ముందే మూస్తే రెండేళ్లు దాటిన ఖాతాకైనా అసలులో 1 శాతం, అంటే 12 వేలు కోత.

మీ 4 లక్షలకు 8 లక్షల లోను కలపండి. 9 శాతం వడ్డీకి పదేళ్లయితే వాయిదా నెలకు 10,130 దాకా ఉంటుంది. మీ జీతానికి భారం కాదు. కాకపోతే ఎఫ్‌డీ మొత్తం ఖాళీ అవుతుంది కాబట్టి, పని మొదలెట్టేలోపు ఓ లక్ష విడిగా పోగెయ్యండి. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే సొంతంగా ఉండే ఇంటి లోను వడ్డీకి మినహాయింపు లేదు. పన్ను కలిసొస్తుందని ఎవరైనా చెప్పినా లోను పెంచుకోకండి.

స్థలం అమ్మగారిది కాబట్టి బ్యాంకు ఆమె సంతకం అడుగుతుంది, మున్సిపాలిటీ ఆమోదించిన ప్లానూ అడుగుతుంది. పెరట్లోనే కదా అని ప్రహరీ గోడ దాకా కట్టేస్తే రెండు చోట్లా ఇబ్బందే.

ఇక మేస్త్రి లెక్క. అందులో సెప్టిక్ ట్యాంకు, నీళ్ల పైపులు, కరెంటు పని ఉన్నాయా? చాలాసార్లు ఉండవు, శ్లాబు పడ్డాక బయటపడతాయి. ఖర్చు తగ్గుతుందని రేకులు వేయిస్తానంటే ఒప్పుకోకండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మీ పలాస దగ్గరే తీరం దాటింది, అప్పుడు రేకులు ఎలా లేచిపోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. డబ్బు తగ్గించుకోవాలంటే వంటిల్లు మానేయండి, ఆమె భోజనం ఎలాగూ మీతోనే. బాత్రూంలో మాత్రం పొదుపు వద్దు: మూడడుగుల తలుపు, గడప లేకుండా, బయటికి తెరుచుకునేలా. లోపల ఎవరైనా పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపును ఆ మనిషే అడ్డంగా ఆపేస్తారు.

చివరిది చెల్లెలి విషయం. వీలునామా లేకపోతే అమ్మగారి స్థలంలో ఆమెకూ మీతో సమాన వాటా. మీరు పెట్టిన 12 లక్షలు అక్కడ ఎక్కడా రాసి ఉండవు. అలాగని స్థలాన్ని ఇప్పుడే మీ పేరున గిఫ్ట్ రాయించుకోకండి, అది మామూలుగా వెనక్కి రాదు. వీలునామా అయితే అమ్మగారు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. చెల్లెలు ఈసారి ఇంటికొచ్చినప్పుడు ముగ్గురూ కూర్చుని లెక్క మాట్లాడుకోండి. పునాది తవ్వకముందే.