ప్రార్థనలో పిల్లను తిట్టకండి

ప్రశ్న: మాది సికింద్రాబాద్. ముగ్గురు పిల్లలు: పాపకు 11 ఏళ్లు, బాబులకు 8, 4. మూడేళ్ల కిందట పాపను బడి మాన్పించాను, పెద్ద బాబును అసలు చేర్చలేదు. దేవుని భయంలో పెంచాలని ఇంట్లో నేనే చదువు చెబుతున్నాను. పొద్దున 6 గంటలకు 45 నిమిషాలు కుటుంబ ప్రార్థన, 9 నుంచి పాఠాలు. చిన్నవాణ్ణి పాపే ఆడిస్తుంది, ఆ సాయం మాత్రం బాగా చేస్తుంది. లెక్కల దగ్గరే మొండికేస్తోంది. భిన్నాలు గంటన్నర చెప్పినా ఏడుపే. మాట వినని రోజు ఎఫెసీ 6:1 ముప్ఫై సార్లు రాయిస్తాను. దాని మొండితనం పోవాలని రోజూ అందరం ఉన్నప్పుడే పేరు పెట్టి ప్రార్థిస్తాను. ఈమధ్య అది ప్రార్థనలో నోరు విప్పడం లేదు. పోయిన క్రిస్మస్‌కు మా అత్తగారు చుట్టాల ముందు పదమూడో ఎక్కం అడిగితే నిలబడిపోయింది, నాకు తల కొట్టేసినట్టయింది. మావారు ‘నీ ఇష్టం’ అంటారు. ఇంట్లో చదువు చెప్పేవాళ్లు కొందరు పాటించే షార్లెట్ మేసన్ పద్ధతికి మారమంటారా? పదో తరగతి జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్‌లో రాస్తే ఇంటర్‌లో చేర్చుకుంటారా? మొన్న పాప ‘పిన్ని వాళ్లింట్లో ఉండి చదువుకుంటా’ అంది. అదొక్కటే బాధ.
– ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు మీరు అడిగినవి ముగించేద్దాం. ఎన్‌ఐఓఎస్ పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి. ఐదు సబ్జెక్టులు, అందులో ఒక్క భాషైనా ఉండాలి. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌–మే నెలల్లోనూ అక్టోబర్‌–నవంబర్‌లోనూ. పాసైతే ఇంటర్‌లో చేరొచ్చు. అంటే మీ పాపకు ఇంకా మూడేళ్ల టైముంది. ఈలోగా జనన ధ్రువపత్రంలోనూ ఆధార్‌లోనూ పేరు స్పెల్లింగు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. ఇక షార్లెట్ మేసన్. చిన్నపిల్లలకు పాఠం 15, 20 నిమిషాలు దాటకూడదన్న మనిషి ఆవిడ. గంటన్నర భిన్నాలు చెప్పే ఇంట్లో ఆ పద్ధతి పుస్తకాలు కొని ఏం లాభం? డబ్బు దండగ.

మీ ఇంట్లో మారాల్సింది సిలబస్ కాదు, మీకూ పాపకూ మధ్య నడుస్తున్న వ్యవహారం. పదకొండేళ్ల పిల్ల పిన్ని ఇంటికి పోతానంటే లెక్కలు తప్పించుకోవడానికేనని మీరు అనుకున్నట్టున్నారు. నాకలా అనిపించలేదు. బడిలో తిట్లు తిన్న పిల్ల సాయంత్రం అమ్మ దగ్గరికి వస్తుంది. మీ పాపకు టీచరమ్మా మీరే, అమ్మా మీరే, పొద్దున్నే దేవుడి దగ్గర ఫిర్యాదు చేసేదీ మీరే. ఆ పిల్ల ఎవరి దగ్గరికి పోవాలి?

ఆ ఫిర్యాదు సంగతి గట్టిగానే చెప్పాలి. ‘ప్రభువా, ఈ బిడ్డ మొండితనం తీసెయ్యి’ అని తమ్ముళ్ల ముందు అంటే అది దేవుడితో చెప్పుకోవడం కాదు, కళ్లు మూసుకుని పిల్లను తిట్టడం. మామూలు తిట్టుకైతే ఎదురు చెప్పొచ్చు. దీనికి ఆమేన్ అనాలి. నోరు విప్పడం లేదని మీరు బాధపడుతున్నారు, నాకైతే ఆ మౌనంలో ఆత్మగౌరవమే కనిపించింది. దాని తప్పుల కోసం ప్రార్థించాలనుకుంటే తలుపు వేసుకుని ఒక్కరే చేసుకోండి.

వాక్యం రాయించడం ఈ రోజుతో ఆపండి. ముప్ఫై సార్లు రాశాక గుర్తుండేది చెయ్యి నొప్పి. పైగా మీరు రాయించేది ఒకటో వచనం. మూడు వచనాల కింద, నాలుగో దాంట్లో, పిల్లలకు కోపం రేపొద్దని ఉంది. కొలస్సీ 3:21 అయితే వాళ్ల మనసు కుంగిపోతుందని కారణం కూడా చెబుతుంది. ‘తండ్రులారా’ అని ఉంది కదా, మాకు కాదులే అనుకోకండి. మీవారు ‘నీ ఇష్టం’ అన్న రోజునే ఆ కుర్చీలో మీరు కూర్చున్నారు.

పొద్దుటి ప్రార్థన 45 నిమిషాలు నాలుగేళ్లవాడికీ కష్టమే, మీకూ కష్టమే. పన్నెండు నిమిషాలు చాలు. కీర్తనలో ఒక చరణం పాడండి, మార్కు సువార్త ఎనిమిది వచనాలు చదవండి. మన తెలుగు బైబిలు గ్రాంథికం, ‘యుండుడి’, ‘చేయకుడి’ అంటూ పిల్లలు కూడబలుక్కుంటుంటే అర్థం జారిపోతుంది. అందుకని మీరే నెమ్మదిగా రెండుసార్లు చదివి ‘ఏం జరిగింది?’ అని అడగండి. వాళ్ల మాటల్లో చెప్పనివ్వండి, తప్పు చెప్పినా దిద్దకండి. తర్వాత తలా ఒక వాక్యం ప్రార్థన, పరలోక ప్రార్థన, అంతే. పాప వంతు వచ్చినప్పుడు మాట్లాడకపోతే రెండు క్షణాలు ఆగి పక్కవాళ్లకు వెళ్లండి. ‘ఎందుకు చేయలేదు?’ అని తర్వాత కూడా అడగొద్దు. మార్కులో 16 అధ్యాయాలే, ఈ లెక్కన మూడు నెలల్లోపే అయిపోతుంది.

ఇక లెక్కలు. పాఠం జరిగేటప్పుడు చిన్నవాణ్ణి చూసుకునే పని పాపది కాదు. ఒక కన్ను తమ్ముడి మీద పెట్టిన పిల్ల భిన్నాలు ఎలా చేస్తుంది? పొద్దున మీరు చిన్నవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పెద్ద బాబుతో చదివించండి, పాప తన చదువు తను చదువుకుంటుంది. లెక్కలు మధ్యాహ్నం వాడు పడుకున్నాక పెట్టుకోండి. పాతిక నిమిషాలకు అలారం పెట్టి, మోగగానే లెక్క సగంలో ఉన్నా ఆపండి. కన్నీళ్లు వస్తే అలారం కోసం కూడా చూడొద్దు, ‘రేపు చూద్దాం’ అని పుస్తకం మూసేయండి. సాధారణంగా చెడేది ఇక్కడే: పుస్తకం మూస్తాం గానీ అన్నం పెట్టేటప్పుడు మళ్లీ అదే ఎత్తుతాం.

1/3కి 1/4 కలపమంటే 2/7 అని రాస్తోంది కదూ? అది మొండితనం కాదు. మామూలు అంకెల అలవాటుతో లవానికి లవం, హారానికి హారం కలిపేస్తారు. హారం అంటే ముక్క ఎంత సైజో చెప్పేదని తట్టేదాకా క.సా.గు. (ఎల్‌సీఎం) ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. గళ్ల నోటుబుక్కులోంచి 12 గళ్ల పట్టీ ఒకటి కత్తిరించి ఇవ్వండి. మూడో వంతుకు రంగు వేయమంటే నాలుగు గళ్లు వేస్తుంది. నాలుగో వంతుకు ఇంకో రంగుతో మూడు. మొత్తం ఏడు గళ్లు, 7/12. తర్వాత 1/2కి 1/3 కలపడానికి ఆరు గళ్ల పట్టీ. ఎన్ని గళ్ల పట్టీ కావాలో తనే చెప్పడం మొదలుపెట్టాక క.సా.గు. మాట ఎత్తండి. ఒక వారం పడుతుంది, పట్టనివ్వండి.

ఇదంతా మొదలుపెట్టే ముందు పాపను క్షమాపణ అడగాలి. పిల్లల ముందు తల్లి తగ్గితే లోకువైపోతుందని మనవాళ్లు అంటారు. నేను ఒప్పుకోను. తప్పు చేసినవాళ్లే ముందు అడగాలి, వయసుతో పనిలేదు. తమ్ముళ్లు లేనప్పుడు, ప్రార్థన టైములో కాకుండా, వాక్యం ఎత్తకుండా ‘అందరి ముందూ నిన్ను అలా అనడం తప్పు, ఇక అనను’ అని చెప్పండి. ఆ తర్వాత ‘కానీ నువ్వు కూడా...’ అన్నారో, మొత్తం పోయినట్టే. పాప వెంటనే వాటేసుకుంటుందని ఎదురుచూడకండి. కొన్ని వారాలు మిమ్మల్ని పరీక్షిస్తుంది, కావాలనే తప్పు చేసి చూస్తుంది కూడా.

మీవారికి ‘నీ ఇష్టం’ అనే సౌకర్యం ఇంక వద్దు. శనివారం లెక్కలు ఆయనవి, రాత్రి పడుకునే ముందు ప్రార్థన ఆయనది. సరిగా చెప్పలేకపోయినా పక్కన నిలబడి దిద్దకండి.

వచ్చే మార్చిలో పాపనే కూర్చోబెట్టి బడికి వెళ్తావా అని అడగండి. వెళ్తానంటే జూన్‌లో చేర్చండి. విద్యాహక్కు చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లల్ని వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, మధ్యలో చదువు పోయిందని కింది తరగతిలో కూర్చోబెట్టకూడదు. అలా చేర్చడం మీ విశ్వాసానికి ఓటమేమీ కాదు. బడికెళ్లే పిల్లలూ మీ సంఘంలో ఉన్నారు, వాళ్ల తల్లులూ ప్రార్థన చేసేవాళ్లే.

అసలు ఇంత కసిగా ఎక్కాలు బట్టీ పట్టిస్తున్నది ఎవరి కోసమో మీకూ తెలుసు. అత్తగారికి మీరు జవాబు చెప్పుకోలేక ఆ పని పాప చేత చేయిస్తున్నారు. ఈసారి క్రిస్మస్‌కు ఆవిడ మళ్లీ ఎక్కం అడిగితే పాప నోరు తెరిచేలోపే మీరు అందుకోండి: “ఈరోజు పండగ అత్తయ్యా, దానికి సెలవు. ఏదైనా ఉంటే రేపు నన్నడగండి.” చుట్టాల ముందే అనండి, నవ్వుతూనే. ఆవిడకు కోపం వస్తే రానివ్వండి, అరిసెల పళ్లెం అటు జరపండి.